రొమ్ము క్యాన్సర్ వచ్చిన అమ్మకు జన్యు పరీక్ష: రక్తం తీయకముందే మాట్లాడవలసినవి

ఏలూరు నుంచి అడిగిన సోదరి ప్రశ్న క్లుప్తంగా ఇది. నలభై ఆరేళ్ల వాళ్ల అమ్మగారికి ఎడమ రొమ్ములో ట్రిపుల్ నెగెటివ్ క్యాన్సర్ (ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్, హెర్2 అనే మూడు గ్రాహకాలూ కనిపించని రకం) అని తేలింది. ముందు కీమో, ఆ తరువాత ఆపరేషన్ అని నిర్ణయించి ఇప్పటికి రెండు కీమోలు ఇచ్చారు. మొన్న డాక్టరుగారు చీటీ మీద జీన్ ప్యానెల్ పరీక్ష, అంటే పుట్టుకతో వచ్చిన లోపాల కోసం అనేక జన్యువులను ఒకేసారి వెతికే రక్త పరీక్ష, రాశారు. "జబ్బు ఎలాగూ వచ్చేసింది కదా, ఇక ఈ పరీక్ష దేనికి? అమ్మకు ఏమని చెప్పి చేయించాలి? ఫలితం చెడుగా వస్తే, అనుకుంటున్న నా మేనమామ కొడుకు సంబంధం ఏమవుతుంది?" అని అడిగారు. అమ్మమ్మ చెల్లెలు యాభై ఏళ్లు నిండకముందే "కడుపులో నీరు చేరి" పోయారనే సంగతి ప్రశ్న చివర, ఏదో గుర్తొచ్చి చేర్చినట్టుగా రాశారు. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది ఆ వాక్యమే.

ముందుగా సూటిగా జవాబు చెబుతాను. పరీక్ష చేయించండి, అయితే రక్తం తీయించే ముందు మీ అమ్మగారితో కూర్చుని ఏ ఫలితం వస్తే ఏం మారుతుందో ఆవిడకు అర్థమయ్యేలా మాట్లాడండి. ఆపరేషన్ నాటికి ఫలితం చేతిలో ఉంటే మంచిది. మీ అమ్మగారికి ఇంకా కొన్ని కీమోలు మిగిలి ఉన్నాయి, ఈ పరీక్ష ఫలితం సాధారణంగా మూడు నాలుగు వారాల్లో వస్తుంది, కాబట్టి తొందరపడకుండా మాట్లాడుకోవడానికి మీకు సమయం ఉంది. ఫలితం కోసం కీమోను మాత్రం ఒక్క రోజు కూడా ఆపకూడదు.

నేను హైదరాబాదులో పన్నెండేళ్లుగా జెనెటిక్ కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. మందులు రాసేదాన్ని కాను, కత్తి పట్టేదాన్ని కాను. పరీక్షకు ముందు, తరువాత కుటుంబాలతో మాట్లాడడమే నా పని. కింద రాసేది ఆ అనుభవం నుంచి వచ్చినదే. మీ అమ్మగారి చికిత్స గురించి ఆఖరి మాట ఆవిడ ఆంకాలజిస్టుదే.

"జబ్బు వచ్చేశాక పరీక్ష దేనికి" అనే ప్రశ్న చాలా సహజమైనది, దాదాపు ప్రతి ఇంటి నుంచీ వస్తుంది. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి అయిదు నుంచి పది మాత్రమే, మిగిలిన వాటికి పుట్టుకతో వచ్చిన జన్యు లోపంతో సంబంధం లేదు. అయితే మీ అమ్మగారి విషయంలో మూడు సూచనలు ఒకేచోట కలిశాయి. జబ్బు యాభై ఏళ్లలోపే వచ్చింది, అది ట్రిపుల్ నెగెటివ్ రకం, పైగా రక్తసంబంధీకుల్లో ఒకరు చిన్న వయసులోనే కడుపులో నీరు చేరి పోయారు. మన ఊళ్లలో ఒక తరం కింద అండాశయ క్యాన్సర్‌ను ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. కడుపులో గడ్డ అన్నారు, నీరు పట్టింది అన్నారు, కామెర్లు ముదిరాయి అని కూడా అన్నారు. అందుకే నేను కుటుంబ చరిత్ర రాసుకునేటప్పుడు "ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా" అని అడిగి ఊరుకోను. ఎవరు ఏ వయసులో పోయారు, పోయేముందు ఏ బాధతో మంచం పట్టారు అని అడుగుతాను. అమ్మమ్మ చెల్లెలి విషయంలో ఇంట్లో పెద్దవాళ్లను మళ్లీ ఒకసారి అడగండి. పాత ఆసుపత్రి కాగితం ఒక్కటి దొరికినా పనికొస్తుంది.

ఇక ఫలితం వల్ల మీ అమ్మగారి చికిత్సలో ఏం మారవచ్చో చూద్దాం. ఇక్కడ ముఖ్యమైన జన్యువులు బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2, మా వార్డుల్లో వీటిని బ్రాకా అంటాం. మొదటిదాన్ని 1994లో, రెండోదాన్ని 1995లో గుర్తించారు. వీటిలో లోపం ఉన్నవారికి ఒలాపరిబ్ వంటి పార్ప్ నిరోధక మాత్రలు (క్యాన్సర్ కణం తన డీఎన్ఏను బాగుచేసుకోకుండా అడ్డుపడేవి) పనిచేస్తాయి. తొలిదశ క్యాన్సర్ ఉండి, తిరగబెట్టే ప్రమాదం ఎక్కువగా ఉన్న బ్రాకా లోపం గలవారికి ఆపరేషన్, కీమో అయ్యాక ఏడాదిపాటు ఒలాపరిబ్ ఇచ్చి చూసిన ఒలింపియా అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. మూడేళ్ల తరువాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు మాత్ర వేసుకున్న వర్గంలో సుమారు 86 శాతం, వేసుకోని వర్గంలో సుమారు 77 శాతం. మీ అమ్మగారిలా ముందు కీమో తీసుకున్న ట్రిపుల్ నెగెటివ్ వారిలో, ఆపరేషన్‌లో తీసిన ముక్కలో ఇంకా క్యాన్సర్ కణాలు మిగిలి ఉన్నట్టు కనిపిస్తే ఈ మాత్ర సంగతి చర్చకు వస్తుంది. పరీక్ష చేయించకపోతే ఆ చర్చకే తావుండదు.

రెండోది ఆపరేషన్. బ్రాకా లోపం ఉంటే రెండో రొమ్ములో కూడా కొత్తగా క్యాన్సర్ వచ్చే అవకాశం మామూలువారికన్నా ఎక్కువ. విదేశాల్లో వేలాది కుటుంబాలను గమనించిన ఒక పెద్ద అధ్యయనంలో, మొదటి క్యాన్సర్ వచ్చిన ఇరవై ఏళ్లలో రెండో రొమ్ముకు రావడం బీఆర్‌సీఏ1 ఉన్నవారిలో సుమారు 40 శాతం, బీఆర్‌సీఏ2 ఉన్నవారిలో సుమారు 26 శాతం అని తేలింది. ఈ అంకెలు విన్న వెంటనే "రెండూ తీసేయండి" అనేవారు ఉంటారు. 2013లో ఏంజెలీనా జోలీ తనకు బీఆర్‌సీఏ1 లోపం ఉందని, రెండు రొమ్ములూ తీయించుకున్నానని బయటపెట్టాక, ఫలితం వచ్చిందంటే ఆపరేషనే దారి అన్న అభిప్రాయం మనవాళ్లలో కూడా పాతుకుపోయింది. ఆవిడకు అప్పటికి క్యాన్సర్ లేదు, మీ అమ్మగారికి ఉంది. రెండో రొమ్ము తీయడం వల్ల అక్కడ కొత్త క్యాన్సర్ రావడం బాగా తగ్గుతుంది, కానీ మీ అమ్మగారి ప్రాణం ప్రస్తుతం ఇప్పుడున్న గడ్డ కీమోకు ఎలా లొంగుతుందన్న దానిమీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. రెండో రొమ్మును ఏటా ఎంఆర్ఐ, మామోగ్రామ్‌లతో కనిపెట్టి ఉండడం కూడా సరైన దారే. ఇది రేపే తేల్చవలసిన విషయం కాదని ఆవిడకు తప్పక చెప్పండి.

అండాశయాల సంగతి వేరు, ఇక్కడ నేను కాస్త గట్టిగా మాట్లాడతాను. అండాశయ క్యాన్సర్‌ను ముందుగా పట్టుకునే నమ్మకమైన స్క్రీనింగ్ లేదు. ఎనభై ఏళ్లు వచ్చేలోపు అది వచ్చే అవకాశం బీఆర్‌సీఏ1 ఉన్నవారిలో సుమారు 44 శాతం, బీఆర్‌సీఏ2 ఉన్నవారిలో సుమారు 17 శాతం. పిల్లలు పుట్టడం పూర్తయ్యాక, మొదటి జన్యువులో లోపం ఉంటే 35 నుంచి 40 ఏళ్ల మధ్య, రెండోదానిలో ఉంటే 40 నుంచి 45 మధ్య అండాశయాలను, అండవాహికలను తీయించుకోమని సలహా ఇస్తారు. మీ అమ్మగారు ఆ వయసు ఇప్పటికే దాటారు. ఫలితం పాజిటివ్ అయితే రొమ్ము చికిత్స అయిపోయాక డాక్టర్లు తప్పక మాట్లాడేది దీని గురించే.

ఇంకొక జన్యువు పేరు కూడా చెప్పాలి. టీపీ53లో పుట్టుకతో లోపం ఉన్నవారికి రేడియేషన్ వల్ల కొత్త క్యాన్సర్లు వచ్చే ప్రమాదం ఉంది, అందుకని వీలున్నంతవరకు రేడియేషన్ లేకుండా చికిత్సను ప్లాన్ చేస్తారు. ఇది అరుదు. అయినా ఫలితం ఆపరేషన్‌కు ముందే చేతికి రావాలని నేను పట్టుబట్టడానికి ఇదొక కారణం.

ఇప్పుడు అమ్మగారికి ఎలా చెప్పాలన్న ప్రశ్నకు వస్తాను. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒకావిడకు నలభై నిమిషాలపాటు క్రోమోజోములు, శాతాలు, జన్యువుల పేర్లు అన్నీ వరసగా చెప్పి, ఎంతో బాగా చెప్పానని మనసులో మురిసిపోయాను. చివర "ఏమైనా అడగాలా అమ్మా" అంటే, ఆవిడ "అయితే నాకు రక్తం మార్చాలా తల్లీ" అన్నారు. తప్పు ఆవిడది కాదు. వారసత్వం అన్న మాటను మన ఇళ్లలో "రక్తంలోనే ఉంది" అంటాం, పైగా నేను రక్తం తీయాలన్నాను, ఆ రెండూ ఆవిడ మనసులో కలిసిపోయాయి. ఆనాటి నుంచి నేను తక్కువ చెబుతాను. చెప్పాక "ఇంటికెళ్లి మీ ఆయనకు ఏమని చెబుతారు, నాకు చెప్పి చూపించండి" అని అడుగుతాను. వారు తిరిగి చెప్పేదానిలోనే నేను ఎక్కడ సరిగా చెప్పలేదో తెలుస్తుంది.

నేను వాడే పోలిక ఇది, నచ్చితే మీరూ వాడుకోండి. ప్రతి కణానికీ ఒక తలుపు ఉందనుకోండి, దానికి రెండు గడియలు. ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి వచ్చినది. బ్రాకా వంటి జన్యువులు ఆ గడియల్లాంటివి, క్యాన్సర్ లోపలికి రాకుండా కాపు కాస్తాయి. కొందరు పుట్టుకతోనే ఒక గడియ విరిగి పుడతారు. వారికి రెండోది బాగున్నంతకాలం ఏమీ కాదు, అది కూడా ఏదో ఒక కణంలో పాడైనప్పుడే జబ్బు మొదలవుతుంది. విరిగిన గడియ వచ్చినవారందరికీ జబ్బు రాదు, రానివారు దాన్ని పిల్లలకు ఇవ్వరనీ లేదు. ప్రతి బిడ్డకూ విరిగినది వెళ్లడానికి సగం, మంచిది వెళ్లడానికి సగం అవకాశం. ఇద్దరు పిల్లలుంటే ఒకరికి వచ్చి ఒకరికి రాదని దీని అర్థం కాదు. ఒక్కొక్క బిడ్డకూ బొమ్మా బొరుసా మళ్లీ కొత్తగా వేసినట్టే.

ఆవిడకు ఏ ఫలితాలు రావచ్చో ముందే చెప్పి ఉంచడం అన్నిటికన్నా ముఖ్యం. పాజిటివ్ అంటే జబ్బుకు కారణమయ్యే లోపం దొరికిందని. నెగెటివ్ అంటే వెతికిన జన్యువుల్లో అలాంటి లోపం కనబడలేదని. నెగెటివ్ వచ్చినా కుటుంబంలో ఇన్ని సూచనలు ఉన్నాయి కాబట్టి మీరు పూర్తిగా నిశ్చింతగా ఉండవచ్చని నేను అనను, మీ స్క్రీనింగ్ ఎప్పుడు మొదలుపెట్టాలో అప్పుడు కుటుంబ చరిత్రను బట్టి లెక్కిస్తాం. ఈ రెండూ కాక మూడో ఫలితం ఒకటుంది, మా కష్టమంతా దానితోనే. జన్యువులో ఒక మార్పు కనిపిస్తుంది, కానీ అది హాని చేసేదో చేయనిదో ఇంకా తేలలేదు. రిపోర్టులో దాన్ని వీయూఎస్ అని రాస్తారు. ప్రపంచంలో జన్యు సమాచారం ఎక్కువగా ఐరోపా సంతతి వారినుంచే పోగుపడింది గనుక, మనవంటి వారిలో ఇలా తేలని మార్పులు ఎక్కువగా బయటపడతాయి. వీయూఎస్ వచ్చిందని ఏ అవయవమూ తీయించుకోకూడదు, దాని ఆధారంగా ఇంట్లో వేరెవరికీ పరీక్ష చేయించకూడదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. కొన్నేళ్ల కింద ఒక టీచరుగారికి ఎవరూ ఏమీ వివరించకుండా ఒక ఆసుపత్రిలో పరీక్ష చేయించారు. వీయూఎస్ వచ్చింది. రిపోర్టులో జన్యువు పేరు కనబడగానే అక్కడివారు దాన్ని పాజిటివ్ కిందే తీసుకుని, అండాశయాలు తీయడానికి తేదీ కూడా ఇచ్చేశారు. ఆవిడ చెల్లెలు అనుమానం వచ్చి రిపోర్టు పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. ఆపరేషన్ ఆగింది. రెండేళ్ల తరువాత ల్యాబు ఆ మార్పును హానిలేనిదిగా తిరిగి వర్గీకరించి ఉత్తరం పంపింది. వీయూఎస్‌లలో తిరిగి వర్గీకరించినవి ఎక్కువభాగం చివరకు హానిలేనివిగానే తేలుతాయి, అందుకే రిపోర్టు వచ్చాక కూడా ల్యాబుకు మీ ఫోన్ నంబరు, చిరునామా సరైనవి ఇచ్చి ఉంచండి.

మీరు ప్రశ్నలో ఒకచోట, "నాన్న, బాబాయి అమ్మకు ఏమీ చెప్పకుండా మామూలు రక్త పరీక్ష అని చేయించేద్దాం అంటున్నారు" అని రాశారు. వారి ప్రేమను నేను తప్పుపట్టను. కానీ ఈ పరీక్షకు మీ అమ్మగారి సంతకం కావాలి, ఆ సంతకం అర్థమై పెట్టినదై ఉండాలి. అంతకన్నా పెద్ద చిక్కు తరువాత వస్తుంది. ఫలితం పాజిటివ్ వస్తే అండాశయాల ఆపరేషన్ గురించి, పిల్లల గురించి, తోబుట్టువుల గురించి ఆవిడతో మాట్లాడక తప్పదు, అప్పుడు మొదటి అబద్ధాన్ని విప్పి చెప్పడం నాన్నగారికి ఇంకా కష్టమవుతుంది. మన ఆడవాళ్లు ఈ కబురు తట్టుకోలేరన్న భయం నాకు నా పేషెంట్లలో చాలావరకు నిజం కాలేదు. వారిని నిజంగా కుంగదీసేది వేరొకటి: "నా వల్ల నా పిల్లకు వచ్చిందా" అన్న ఆలోచన. దానికి జవాబు పరీక్షకు ముందే చెప్పి ఉంచండి. ఆవిడ ఎంచుకుని ఇచ్చినది ఏదీ లేదు, ఆవిడకు కూడా ఎవరో ఒకరి నుంచి వచ్చినదే. తెలిస్తే మీరు జాగ్రత్తపడగలరు, తెలియకపోతే ఆ వీలుండదు.

ఆవిడ వద్దంటే? వద్దనే హక్కు ఆవిడకుంది. ఒకావిడ నా ఎదుట కూర్చుని, "చిన్నదాని పెళ్లయ్యేదాకా నాకేమీ తెలియనక్కరలేదు" అన్నారు. నేను వాదించలేదు. ఏ మాత్ర గురించి నిర్ణయించడానికి ఫలితం కావాలో మాత్రం చెప్పి, కాగితం మీద తేదీతో సహా రాసిచ్చాను. ఆపరేషన్‌లో క్యాన్సర్ మిగిలి ఉందని తెలిశాక ఆవిడే తిరిగి వచ్చి పరీక్ష చేయించుకున్నారు. వారానికొక కొత్త కబురు వినే రోజుల్లో ఉన్నవారికి అన్నీ ఒకేసారి చెప్పనక్కరలేదు. ముందు చికిత్సకు కావలసినది చెప్పి, కుటుంబం సంగతి రెండోసారి కూర్చున్నప్పుడు మాట్లాడవచ్చు.

పరీక్ష ఎలా జరుగుతుందన్నది చిన్న విషయం. చేతి నుంచి కొద్దిగా రక్తం తీస్తారు, ఉపవాసం అక్కరలేదు. కీమో నడుస్తున్నా ఇబ్బంది లేదు. ల్యాబును ఒక్కటి మాత్రం అడగండి: జన్యువులో పెద్ద ముక్క ఎగిరిపోయినా, రెట్టింపైనా ఈ పరీక్ష పట్టుకుంటుందా అని. కొన్ని చౌక ప్యాకేజీలు జన్యువు అక్షరాల్లో చిన్న తప్పులను మాత్రమే చూసి పెద్ద ముక్కలను వదిలేస్తాయి. బయాప్సీ ముక్క మీద చేసిన పరీక్ష, రక్తం మీద చేసే పరీక్ష ఒకటి కావు. ముక్కలో కనిపించిన లోపం గడ్డలో పుట్టినదో తల్లిదండ్రుల నుంచి వచ్చినదో రక్త పరీక్షతోనే తేలుతుంది. హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రిలో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. ఏలూరు నుంచి ప్రతిసారీ ప్రయాణం కష్టమైతే చాలామంది కౌన్సెలర్లు వీడియోలో తెలుగులోనే మాట్లాడతారు.

చివరగా మీ సంగతి. ఇప్పుడు పరీక్ష జరగవలసింది మీకు కాదు, మీ అమ్మగారికి. జబ్బు వచ్చిన మనిషిలో ముందు వెతకాలి, అక్కడ దొరికితేనే మీలో ఏ ఒక్క మార్పు కోసం చూడాలో తెలుస్తుంది. అప్పుడు మీ పరీక్ష చాలా తక్కువ ఖర్చుతో అవుతుంది, జవాబు కూడా ఉందా లేదా అని సూటిగా వస్తుంది. మీకు ఇరవై నాలుగేళ్లు అన్నారు. లోపం ఉన్నవారికి ఏటా రొమ్ము ఎంఆర్ఐ ఇరవై అయిదు నుంచి మొదలుపెట్టమంటారు కాబట్టి మీరు ఆలస్యం చేసినట్టేమీ కాదు, నిర్ణయం మీ ఇష్టం. మీ తమ్ముడిని కూడా లెక్కలోంచి తీసేయకండి. మగవారు కూడా ఈ లోపాన్ని మోస్తారు, పిల్లలకు ఇస్తారు. బీఆర్‌సీఏ2 ఉన్న మగవారికి ప్రోస్టేట్ క్యాన్సర్, అరుదుగా రొమ్ము క్యాన్సర్ కూడా వస్తాయి. మా దగ్గరకు వచ్చే అన్నదమ్ముల్లో "ఇది ఆడవాళ్ల జబ్బు కదా" అని లేచి వెళ్లిపోబోయేవారే ఎక్కువ.

"మాది మేనరికం ఇల్లు కాదు, మరి ఇది వంశంలోకి ఎలా వచ్చింది" అని మీ బాబాయిగారు అన్నారట. ఈ లోపం రావడానికి మేనరికం అక్కరలేదు, తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వస్తే చాలు. మీ సంబంధం విషయంలో మాత్రం మేనరికానికి వేరే అర్థం ఉంది. అమ్మగారిలో లోపం దొరికితే ఆవిడ తమ్ముడైన మీ మేనమామగారికి ఉండే అవకాశం సగం, ఆయన కొడుక్కి పావు, మీకు సగం. మీ ఇద్దరిలోనూ ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ రెండు గడియలూ విరిగి పుట్టే అవకాశం నాలుగింట ఒకటి. బీఆర్‌సీఏ2లో అలా జరిగితే ఫాంకోని అనీమియా అనే అరుదైన, తీవ్రమైన రక్తవ్యాధి వస్తుంది. అన్నీ గుణించి చూస్తే, ఇంకెవరికీ పరీక్ష చేయకముందు, అది ముప్పై రెండింట ఒకటి. మీ ఇద్దరిలో ఒకరికి లేదని తేలితే ఆ భయం దాదాపు పోతుంది. కాబట్టి ఇది సంబంధం మానుకోవడానికి కారణం కాదు, నిశ్చయ తాంబూలాలకు ముందు చేయించుకోదగిన ఒక చిన్న పరీక్ష.

బయటి సంబంధమైతే పెళ్లిళ్ల పేరయ్యకో, అబ్బాయి మేనత్తకో ఈ రిపోర్టు చూపనక్కరలేదు. చేసుకోబోయే మనిషికి మీ నోటితో మీరే చెప్పడం మంచిదని నా అభిప్రాయం. ఇక్కడ సంబంధం మేనమామగారి ఇంటిదే గనుక ఆ సమాచారం ఆయనకు ఎలాగూ వెళ్లాలి, ఎందుకంటే అది ఆయన ఆరోగ్యానికి సంబంధించినది కూడా. మేనమామగారు డాలస్‌లో ఉన్నారన్నారు కాబట్టి, అమ్మగారి అనుమతితో, మొదటి పేజీ ఫొటో కాకుండా రిపోర్టు మొత్తం పీడీఎఫ్‌గా పంపండి. అక్కడి డాక్టరుకు కావలసింది జన్యువు పేరు, దాని పక్కన అక్షరాలు, అంకెలతో ఉండే ఆ మార్పు పూర్తి పేరు. అది రెండో పేజీలోనో మూడో పేజీలోనో ఉంటుంది.